వయసు మీరిన గుర్రం, యజమాని ఋణం

సందేహం: అశోక్‌నగర్‌కు చెందిన ఒక కుటుంబం పదిహేడేళ్లుగా పోషిస్తున్న ఆడగుర్రానికి ఈ ఏడాది 22 ఏళ్లు నిండాయి. చిక్కడపల్లి, నారాయణగూడ వీధుల్లో జరిగే పెళ్లి ఊరేగింపుల్లో అది ఇన్నాళ్లూ పెళ్లికొడుకులను మోసింది. ఇంటి పిల్లలు దాని మీదనే సవారీ నేర్చుకున్నారు. దాని గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదని పశువైద్యులు ఇటీవల చెప్పారు. అయినా అది మేత మానలేదు. జీను కనబడగానే ఉత్సాహంగా చెవులు నిక్కిస్తున్నది. ఇటువంటి గుర్రాన్ని ఎక్కడం ధర్మమేనా? వచ్చే నెల ఊరేగింపుకు అడ్వాన్సు తీసుకొని మాట ఇచ్చినందున ఇప్పుడు కాదంటే అసత్యదోషం అంటుతుందా? పని చేయలేని గుర్రాన్ని అమ్మివేయవచ్చునా? బాధ భరించలేని దశ వస్తే ఇంజెక్షనుతో ప్రాణం తీయించడం దయ అవుతుందా, హత్య అవుతుందా?
— ఒక పాఠకుడు, అశోక్‌నగర్, హైదరాబాదు

సమాధానం: పశువును వాహనంగా వాడుకోవడాన్ని ధర్మశాస్త్రం నిషేధించలేదు, అయితే ఏ పశువును, ఏ స్థితిలో వాడుకోవచ్చునో అది నియమించింది. మనుస్మృతి నాలుగవ అధ్యాయంలో స్నాతకునికి, అంటే విద్య ముగించి గృహస్థు కాబోయేవానికి, చెప్పిన నియమాలలో ఆకలితోగాని రోగంతోగాని పీడింపబడుతున్న పశువులతోను, కన్ను, కొమ్ము, గిట్ట దెబ్బతిన్న పశువులతోను ప్రయాణం చేయరాదన్నది ఒకటి. మంచి శిక్షణ పొందిన ఆరోగ్యమైన పశువునైనా ములుకోలతో అతిగా పొడవరాదని ఆ వెంటనే చెప్పబడింది. పరాశరస్మృతి ఇదే మాటను సేద్యానికి అన్వయించి, ఆకలిగొన్న, దప్పిగొన్న, అలసిన ఎద్దును కాడికి కట్టరాదని, వ్యాధిగ్రస్తమైన ఎద్దుచేత పని చేయించరాదని విధించింది. ఈ విధులన్నింటిలోను గమనించవలసిన విషయం ఒకటి ఉంది. పశువు మొరాయిస్తే ఆపుమని శాస్త్రం చెప్పలేదు; దాని స్థితిని ముందుగా తెలుసుకొనే బాధ్యతను ఎక్కేవాని మీద, తోలేవాని మీద ఉంచింది. నోరు లేని జీవి విషయంలో తెలుసుకోవడమే మొదటి ధర్మం కనుక, తెలియదన్న సమాధానం యజమానిని దోషం నుండి తప్పించదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానం ధర్మగ్రంథంతోపాటు వైద్యగ్రంథాన్ని కూడా అడిగి చెప్పవలసి ఉంటుంది. అశ్వవైద్యానికి ఆద్యుడిగా శాలిహోత్రుని పేరు చెబుతారు. నకులుని పేర అశ్వచికిత్సా గ్రంథం ప్రచారంలో ఉంది. విరాటుని కొలువులో ఆ నకులుడే దామగ్రంథి అన్న పేరుతో గుర్రాలను సంరక్షించిన సంగతి భారతం చదివిన తెలుగువారందరికీ తెలిసినదే. నేటి పశువైద్యం ప్రకారం గుర్రం గుండె దాని శరీరం బరువులో సుమారు నూటికి ఒక వంతు ఉంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు అది నిమిషానికి 28 నుండి 44 సార్లు కొట్టుకుంటుంది. పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు 200 దాటుతుంది. వయసు మీరిన గుర్రాలలో తరచుగా కనబడే లోపం బృహద్ధమని కవాటానికి సంబంధించినది. గుండె నుండి శరీరానికి రక్తాన్ని తీసుకొనిపోయే పెద్ద నాళం బృహద్ధమని. దాని మొదట ఉండే తలుపువంటి పొర కవాటం. ఆ పొర వయసుతో మందమై సరిగా మూసుకోకపోతే బయటికి వెళ్లిన రక్తంలో కొంత వెనక్కి కారుతుంది, దాన్ని మళ్లీ నెట్టడానికి గుండె అదనంగా శ్రమిస్తుంది. ఈ లోపం స్వల్పమైతే గుర్రం ఏళ్ల తరబడి సుఖంగా బతుకుతుంది. ముదిరితే గుండె సాగి, లయ తప్పి, నడుస్తున్న గుర్రం ఉన్నట్టుండి కుప్పకూలే ప్రమాదం ఏర్పడుతుంది.

అందువల్ల గుండెజబ్బు అన్న ఒక్క మాటతో సవారీ నిషిద్ధమని గాని, మేత తింటున్నది కనుక సమ్మతమని గాని తీర్పు చెప్పడం తగదు. అమెరికా, యూరప్‌లలోని పశువైద్య నిపుణుల సంఘాలు 2014లో కలిసి వెలువరించిన సూచనలు ఈ తేడాను స్పష్టంగా గుర్తించాయి. కవాటలోపం స్వల్పంగా ఉండి, గుండె పరిమాణంలోను లయలోను మార్పు లేకపోతే, క్రమం తప్పని పరీక్షలతో తేలికపాటి సవారీకి వాటిలో అవకాశం ఉంది. లోపం మధ్యస్థంగా ఉన్నప్పుడు, జరగగల ప్రమాదం తెలిసిన పెద్దవారు తప్ప ఇతరులు ఎక్కరాదు. గుండె కింది గదులలో లయ తప్పినప్పుడు గాని, గుండె శక్తి సన్నగిల్లినప్పుడు గాని ఎవరూ ఎక్కరాదు. గుర్రం కూలితే దాని మీద ఉన్నవాడు కూడా పడతాడు. ఆ ప్రమాదాన్ని ఎరిగి ఒప్పుకొనే శక్తి పసిపిల్లలకు లేదు. కనుక ఆ ఇంటి పిల్లల సవారీ ఈ రోజుతో ఆగవలసిందే. పెద్దలు ఎక్కవచ్చునా లేదా అన్నది ఈసీజీ, గుండె స్కానింగ్, శ్రమ తరువాతి పరీక్ష చేసిన వైద్యుడు తేల్చవలసిన విషయం. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉన్న నగరంలో, సలహా అడిగే దారి తెలియక ఆగిపోయామని చెప్పే వీలు లేదు.

వైద్యుని పరీక్షకు తోడు యజమాని చేతితో చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. గుర్రం దవడ ఎముక కింది అంచు మీదుగా ముఖానికి వెళ్లే రక్తనాళం ఒకటి వేలికి సన్నని తాడులా తగులుతుంది. దానిపై రెండు వేళ్లు మెత్తగా ఆనించి, గడియారం చూస్తూ అర నిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే నాడి సంఖ్య వస్తుంది. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యమైన గుర్రంలో కూడా అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పి మళ్లీ యథాలయ కుదరవచ్చు. కొద్ది నడకతో అది సర్దుకుంటే సాధారణంగా భయపడవలసినది కాదు. నాడి ఏ వరుసా లేకుండా కొట్టుకుంటున్నా, వేలిని గట్టిగా తన్ని వెంటనే జారిపోతున్నా, విశ్రాంతిలో సంఖ్య రోజురోజుకూ పెరుగుతున్నా వైద్యునికి చెప్పాలి. మెడ పక్క సిర ఉబ్బి పైదాకా కొట్టుకోవడం, పొట్ట కింద నీరు దిగి వేలితో నొక్కితే గుంట పడటం, కొద్ది దూరానికే ముక్కుపుటాలు విప్పారి ఊపిరి కుదుటపడటానికి ఎక్కువసేపు పట్టడం కూడా ప్రమాద సూచనలే. స్మృతి చెప్పిన వ్యాధిపీడ అంటే ఏమిటో ఈ లక్షణాలు కంటికి చూపిస్తాయి. ఇవి కనబడిన రోజున జీను వేయడం నిస్సందేహంగా అధర్మం.

జీను చూసి చెవులు నిక్కించడం సంగతి కూడా ఇక్కడే విచారించాలి. గుర్రం మంద జంతువు. అలవాటైన మనిషి పిలుపుకు స్పందించడం దాని స్వభావం, బలహీనతను పైకి కనబడనీయకపోవడం కూడా దాని స్వభావమే. కనుక ఆ ఉత్సాహాన్ని ప్రేమగా స్వీకరించవచ్చు గాని శక్తికి సాక్ష్యంగా తీసుకోరాదు. కాదనడం తెలియని సేవకుని విధేయతను అనుమతిగా లెక్కించడం న్యాయం కాదు.

రెండవ ప్రశ్న ఊరేగింపుకు ఇచ్చిన మాట గురించినది. చిక్కడపల్లి నుండి నారాయణగూడకు దూరం కొద్దిదే అయినా ఊరేగింపు శ్రమను దూరంతో కొలవలేము. బరువైన అలంకరణతో, పెళ్లికొడుకుతోపాటు ఒక చిన్నపిల్లవాణ్ణి కూడా ఎక్కించుకొని, బ్యాండుమేళం హోరులో, కళ్లలో పడే దీపాల మధ్య, పక్కనే టపాకాయలు పేలుతుండగా, ఒక అడుగు వేసి పది నిమిషాలు నిలబడుతూ గంటల తరబడి సాగే పని అది. బెదురు నాడిని ఒక్కసారిగా పెంచుతుంది. తారురోడ్డు మీద పారిపోయే వీలు లేక కళ్లెం కింద అణగిన బెదురు రోగగ్రస్తమైన గుండెకు మరింత భారం. కవాటలోపం బయటపడిన 22 ఏళ్ల గుర్రాన్ని, లోపం స్వల్పమే అయినా, ఈ పనికి పంపరాదు.

అయితే సత్యం మాటేమిటన్న శంకకు భారతంలోని ద్రోణపర్వమే సమాధానం. పద్నాలుగవ రోజు యుద్ధంలో సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి చంపుతానని, చంపలేకపోతే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుడు ప్రతిజ్ఞ చేసి ఉన్నాడు. పొద్దు వాలుతున్నది, శత్రుసేన చుట్టూ ఉన్నది, రథాశ్వాలు బాణాలు తగిలి అలసిపోయాయి. ఆ స్థితిలో అర్జునుడు నేల మీద నిలిచి శత్రువులను ఆపుతూ బాణంతో భూమిని చీల్చి కొలను ఏర్పరచగా, శ్రీకృష్ణుడు గుర్రాలను విప్పి, ఒంటిలో దిగిన బాణాలను తన చేతులతో తీసి, మాలీషు చేసి, నీళ్లు తాపి, మేత పెట్టి, అలసట తీరిన తరువాతనే మళ్లీ కాడికి పూన్చాడు. ప్రాణాలే పణంగా పెట్టిన ప్రతిజ్ఞ కోసం కూడా అలసిన గుర్రాన్ని అదిలించి తోలలేదన్నది ఈ ఘట్టం నేర్పే విషయం. ప్రతిజ్ఞ నెరవేరింది, గుర్రాలకు ద్రోహమూ జరగలేదు. పెళ్లివారికి ఇచ్చిన మాటను నిలబెట్టే మార్గం కూడా ఇదే తీరులో ఉంది. విషయాన్ని వెంటనే వారికి చెప్పి, ఆరోగ్యమైన మరొక గుర్రాన్ని కుదిర్చి ఇవ్వాలి. అది వీలుకాకపోతే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇచ్చి, వారికి కలిగిన ఇబ్బందికి నష్టం తానే భరించాలి. మాట యజమానిది, కనుక దాని ఖర్చు యజమానిదే. దానిని గుర్రం చేత కట్టించరాదు.

మూడవ ప్రశ్న అమ్మకం గురించినది. ఆడగుర్రం పదిహేడేళ్లు చేసిన పని ఆ ఇంటికి అప్పుగా ఇచ్చినటువంటిది; దానికి శక్తి ఉడిగిన నాడు ఆ అప్పు తీర్చవలసిన గడువు మొదలవుతుంది. రాజ్యానికి ప్రతి పైసా లెక్క చూసిన కౌటిల్యుడు కూడా అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని విధులు చెబుతూ, యుద్ధంవల్లగాని రోగంవల్లగాని ముసలితనంవల్లగాని పనికి రాకుండా పోయిన గుర్రాలకు పోషణకు సరిపడే ఆహారం ఇవ్వవలసిందేనని నియమించాడు. ధర్మరాజు తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నది, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పురాణ ప్రవచనాలు విన్నవారికి కొత్త కథ కాదు. దానికి జంటగా అనుశాసన పర్వంలో ఒక చిలుక కథ ఉంది. విషబాణం తగిలి ఎండిపోయిన చెట్టును విడిచి వెళ్లకుండా అక్కడే ఉన్న చిలుకను ఇంద్రుడు కారణం అడిగితే, ఇది పచ్చగా ఉన్నప్పుడు తనను కాపాడిందని అది చెప్పుకుంది. ఈ గుణాన్నే భారతం ఆనృశంస్యం అన్నది. క్రూరత్వం లేకపోవడం దాని పదార్థం, ఆశ్రయించినవారిని వారి కష్టకాలంలో విడువకపోవడం దాని ఆచరణ. కనుక పోషించే స్తోమత ఉన్నవారు అమ్మరాదు. స్తోమత నిజంగా లేకపోతే, పని చేయించనని ఒప్పుకొని, మేత, నీడ, వైద్యం ఇవ్వగల చోటును స్వయంగా చూసి, జబ్బు సంగతి దాచకుండా చెప్పి అప్పగించవచ్చు. జబ్బు దాచి మరొక ఊరేగింపు వ్యాపారికి అమ్మడం కొనేవానికీ, గుర్రానికీ, దానిని ఎక్కే తెలియని మనిషికీ ఒకేసారి చేసే ద్రోహం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ముసలితనం, రోగం వల్ల పనికి తగని జంతువుచేత పని చేయించడాన్ని, ఆకలిదప్పులపాలయ్యేలా వదిలివేయడాన్ని నేరంగా పేర్కొన్నది. మొదటి తప్పుకు అది విధించిన జరిమానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే కనుక, ఈ విషయంలో చట్టభయం కన్నా ధర్మభయమే మనిషిని నిలబెట్టాలి.

నాలుగవ ప్రశ్న అన్నిటికన్నా కఠినమైనది. అహింసను పరమధర్మంగా ఎంచే సంప్రదాయం ప్రాణం తీయడానికి సులభంగా సమ్మతించదు. ఖర్చు భారమైందనో, సేవ విసుగు పుట్టిందనో చేసేది నిశ్చయంగా హత్యే. అయితే 1928లో సబర్మతీ ఆశ్రమంలో తీవ్రంగా బాధపడుతున్న ఒక దూడకు ఇక చికిత్స లేదని తేలినప్పుడు, గాంధీజీ వైద్యునిచేత ఇంజెక్షను ఇప్పించి దాని బాధను ముగింపజేశారు. దేశమంతా దానిపై వాదోపవాదాలు చెలరేగగా, బాధితజీవి మేలు తప్ప వేరే ఉద్దేశం లేనప్పుడు అది హింస కాదని ఆయన సమర్థించారు. పైన చెప్పిన చట్టం 13వ సెక్షన్ కూడా జంతువును బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఒకటి ఉంటుందని గుర్తించింది. ఈ రెండు పక్షాలను సమన్వయిస్తే తేలే నిర్ణయం ఇది: నొప్పి తగ్గించే చికిత్స చివరి వరకు జరగాలి, కోలుకొనే ఆశ లేదని వైద్యుడు నిర్ధారించాలి, గుర్రం పడుకొని లేవలేక, ఊపిరి ఆడక నరకయాతన పడుతుండాలి, నిర్ణయంలో యజమాని లాభం ఇసుమంతైనా ఉండరాదు. ఇవన్నీ కుదిరినప్పుడు వైద్యుని చేతి ఇంజెక్షనుకు అనుమతించినవానిని హంతకుడనడం తగదు. సహజమరణం వరకు పక్కనే ఉండి సేవ చేస్తాననేవానిని తప్పుపట్టడం కూడా తగదు. ఆ గడియలో గుర్రాన్ని పరాయి చేతుల్లో వదిలి యజమాని తప్పుకొనిపోవడం మాత్రం ఏ పక్షానికీ సమ్మతం కాదు.

ఆ దశ వచ్చేలోగా చేయవలసిన సేవ చాలా ఉంది. హైదరాబాదు ఎండాకాలంలో నీడ, ఎప్పుడూ అందుబాటులో చల్లని నీళ్లు, తెల్లవారుజామున కళ్లెం లాగకుండా పక్కన నడుస్తూ కొద్దిదూరం తిప్పడం, అరిగిన పళ్లకు తగినట్లు మెత్తగా ఉడికించిన ఉలవ గుగ్గిళ్లు వైద్యుడు చెప్పిన కొలతలో పెట్టడం, ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కించడం, వీలైతే మరొక గుర్రం తోడు ఉంచడం ఇందులో ముఖ్యమైనవి. తిరుమల బ్రహ్మోత్సవాలలో ఎనిమిదవ రోజు రాత్రి అశ్వవాహనానికి చేతులెత్తి మొక్కే సంప్రదాయంలో పుట్టినవారికి, ప్రాణమున్న గుర్రానికి చేసే ఈ సేవ పూజకు వేరైనది కాదు. ఇన్నేళ్లూ కళ్లెం పట్టిన చేతి వేళ్లు ఇకనుండి ప్రతి ఉదయం ఆ దవడ కింద నాడిని లెక్కించాలి; ఆ లెక్క ఏ రోజు ఏమి చెబితే ఆ రోజు దానినే పాటించడం ఆ ఇంటివారికి నిత్యవిధి.