కారు తలుపు చప్పుడు

కువైట్‌లోని అమ్ఘరాలో పాత కార్ల స్క్రాప్ యార్డులో పనిచేసిన కాలంలో కళ్లు మూసుకుని కూడా బండి స్థాయి చెప్పేవాణ్ణి. ఖరీదైన బండి తలుపు బరువుగా, మెత్తగా పడుతుంది. చవకదానిది రేకు మోత.

అందుకేనేమో, మా గదిలో ఫోన్లో చార్లీ చాప్లిన్ ‘సిటీ లైట్స్’ చూసినప్పుడు నా ధ్యాసంతా ఒక తలుపు మీదే ఉండిపోయింది. 1931 నాటి సినిమా. టాకీలు వచ్చేసినా చాప్లిన్ దాన్ని మూకీగానే తీశాడు. గదిలోని బంగ్లాదేశీ, ఈజిప్టువాడు, మా రాయచోటి తమ్ముడు అంతా ఒకేచోట నవ్వారు. కళ్లు లేని పూలమ్మాయి కారు తలుపు పడ్డ చప్పుడు విని, ఎదురుగా ఉన్న దేశదిమ్మరిని ధనవంతుడనుకుంటుంది. మూకీలో కథంతా మనకు వినపడని ఆ చప్పుడు మీదే నడుస్తుంది. ఆ సీనును చాప్లిన్ వందలసార్లు తీశాడంటారు. ధనవంతుడన్న ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి దేశదిమ్మరి వీధులూడుస్తాడు, బాక్సింగులో తన్నులు తింటాడు. సినిమాలోని అసలు కోటీశ్వరుడేమో తాగితే వాణ్ణి కౌగిలించుకుంటాడు, మత్తు దిగితే గెంటేస్తాడు. మా ముదీర్‌తో, అంటే మేనేజరుతో, నాకా కౌగిలింత కూడా దక్కలేదు, కువైట్‌లో మందు నిషేధం మరి!

అంతకు ముందు నా కన్నీళ్లన్నీ దేవదాసుకే. 1928లో నరేశ్ మిత్రా మూకీగా తీసిన కథే అది, నేను చూసింది మాత్రం 1953 నాటి అక్కినేనిని. అంతస్తు చాలదని పార్వతిని కాదన్నది దేవదాసు ఇంట్లోవాళ్లే. అయినా నేను ఏడ్చింది జమీందారు కొడుకు కోసం. కలవాడు కుమిలితేనే నాకది ప్రేమ. వీధులూడ్చేవాడు కుమిలితే కామెడీ.

ఆ రోజుల్లోనే ఇంటి నుంచి ఒక సంబంధం చెప్పారు. అమ్మాయిది మా పక్క ఊరే, కువైట్‌లోనే ఒకరింట్లో వంటపని. ఫోన్లో రెండు మూడుసార్లు మాట్లాడాను. తిన్నావా అని ముందు తనే అడిగేది. గొంతు బాగుండేది, మాటలో నెమ్మది ఉండేది. నాది 18 నంబరు వీసా, కంపెనీది. ఆమెది 20, ఇంటిపనిది. ఇద్దరివీ దినార్లే, ఇద్దరం పంపేదీ ఇంటికే. నెలకు ఆమె నాకంటే ఎక్కువే మిగిల్చేది కూడా, తిండీ బసా వాళ్లింట్లోనే కాబట్టి. అయినా ‘ఇంటిపని పిల్లా?’ అన్న మాట నా లోపలే పుట్టింది. అమ్మ అనలేదు, ఊరు అనలేదు. జాతకాలు కుదరలేదని చెప్పించాను. జాతకం చూపించిందే లేదు.

‘సిటీ లైట్స్’ చివర ఆ పూలమ్మాయికి చూపొస్తుంది, సొంతంగా పూలకొట్టు ఉంటుంది. కోటు వేసుకున్న ధనికుడు కొట్లోకి వస్తే ఇతనేనా అని ఆశపడుతుంది. బయట చిరుగుల బట్టల్లో నిలబడ్డవాణ్ణి చూసి నవ్వుతుంది, జాలిపడి ఒక పువ్వూ ఒక నాణెమూ ఇస్తుంది. చెయ్యి తగిలాక గుర్తుపడుతుంది. తర్వాత ఏమవుతుందో చాప్లిన్ చూపించలేదు. ఆ అమ్మాయి సంగతి నాకు తెలియదు గానీ, ఆ కొట్లో నేనుంటే నాణెం ఇచ్చి, చెయ్యి తగలకుండా లోపలికి వెళ్లిపోయేవాణ్ణి.