ముందు ఎవరి గడప?

బందరులో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు (1862–1939) బ్రహ్మసమాజి. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదన్న మాట మా చెవులకు కొత్తది కాదు. ఆ మాట పట్టుకుని ఆయన ఎవరి గడప తొక్కారన్నదే మాకు ముఖ్యం. నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పిన ఆ మనిషి, పెళ్ళిళ్ళలో భోగం మేళాలు పెట్టించవద్దన్నారు, పెట్టిన చోటికి పోవద్దన్నారు. నిలదీసింది తనలాంటి చదువుకున్న పెద్దమనుషుల్నే. పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు లాంటివాళ్ళు ఆయన ప్రభావంలో పెరిగారు.

కాని ఒక లెక్క తేలలేదు. మేళం మానేసిన ఇంటికి ఖర్చు తగ్గింది, పరువు పెరిగింది. కూడు పోయింది కళావంతుల ఆడవాళ్ళకి. 1947 మద్రాసు చట్టం దాకా నడిచిన ఆ ఉద్యమంలో నీతి ఒకరిది, మూల్యం మరొకరిది.

మూల్యం ఎవరు చెల్లించాలన్న ఈ పేచీయే అమెరికాలో క్వేకర్లకూ వచ్చింది. వీళ్ళు పాదిరీ అక్కర్లేదన్న క్రైస్తవులు. 1656లో బోస్టన్‌లో వీళ్ళ పుస్తకాలు తగలబెట్టారు. 1660లో అక్కడే మేరీ డయ్యర్‌ని ఉరితీశారు. ఇంత దెబ్బతిన్నవాళ్ళలోనూ బానిసల్ని కొన్న ఆసాములు ఉన్నారు! 1688లో జర్మన్‌టౌన్‌లో నలుగురు సంతకాలు పెట్టి తమ సభనే అడిగారు: సముద్రం మీద తురకల ఓడ కనబడితే, పట్టుకుని అమ్మేస్తారని వణుకుతామే, మనం చేస్తున్నదేమిటి? (క్రూరత్వానికి అక్కడా కొలబద్ద తురకే. ఈ దెప్పు మాకు అలవాటే.) సభ ఆ కాగితాన్ని పై సభకు పంపింది, పై సభ ఆ పై సభకు. అక్కడ పక్కన పడేశారు. బానిసల్ని వదలనివాణ్ణి వెలివేయడానికి 1776 దాకా పట్టింది. ఈ మధ్యలో జాన్ ఊల్మన్ అనే దర్జీ పుస్తకం రాసి ఊరుకోలేదు. ఆసాముల ఇళ్ళకే వెళ్ళి వాదించాడు. ఆ ఇంట తిన్నందుకు, ఉన్నందుకు అక్కడి బానిసల చేతిలో డబ్బు పెట్టి వచ్చేవాడు.

మరి మా గడప సంగతి? మస్జిద్‌లో సఫ్ ఒకటే, భుజానికి భుజం. గుడివాడలోనో, అవనిగడ్డలోనో నికా మాటలకు కూర్చున్నప్పుడు మాత్రం ఖాన్‌దాన్ గుర్తొస్తుంది. పిల్లవాడు నూర్‌బాషా అని తెలిస్తే చాయ్ చల్లారిపోతుంది. దూది ఏకిన తాతల చేతుల్ని మనవడి మొహంలో వెతుకుతారు. సయ్యదులం, పఠాన్లం అనుకునే మేము దళితులతో వేదిక ఎక్కి వర్ణం మీద గొంతు చించుకుంటాం. అందులో అబద్ధం లేదు. కాని ఆ ఉపన్యాసానికి మా ఇంట్లోంచి ఖర్చయ్యేది ఏమీ లేదు.

ఇది సమయం కాదంటారు పెద్దలు. 1992 డిసెంబరు 6 చూశాం, 2002 గుజరాత్ చూశాం. ఇంటి గుట్టు రట్టు చేస్తే శత్రువు చేతికి కర్ర ఇచ్చినట్టేనంటారు. ఈ భయం ఉత్తది కాదు. పెన్సిల్వేనియాలో క్వేకర్ల చేతిలో రాజ్యం ఉండేది, మా చేతిలో రేషన్ కార్డు ఉంది. పోలిక అక్కడ తెగుతుంది. అయినా, కౌం మీద దెబ్బ పడని రోజు కోసం నూర్‌బాషా కుర్రాడు ఎన్నేళ్ళు ఆగాలి? బయటివాడు వింటాడనే భయంతో మనం మూసిన తలుపు వెనక నిలబడి ఉన్నది బయటివాడు కాదు గదా. సలాం చెప్పి, లోపలికి రమ్మంటారని చూస్తున్నాడు.