తితిక్షయు చికిత్సయు

సాధకునకు విధింపబడిన షట్కసంపత్తిలో తితిక్ష యొకటి. ప్రతీకారమునకు పూనుకొనక దుఃఖమును సహించుట దాని లక్షణమని శంకరభగవత్పాదుల పేర ప్రసిద్ధమైన ‘వివేకచూడామణి’ చెప్పుచున్నది. ఎండవానల విషయమున ఈ మాట సులభముగానే బోధపడును. కాని దీర్ఘరోగి దీని నెట్లు గ్రహింపవలెను? ఔషధసేవయు ప్రతీకారమే గదా! మందు మానుటయే తితిక్ష యగునా?

ఢిల్లీ నగరమున ఇది కేవలము తర్కవిషయము కాదు. అచట కరోల్‌బాగ్‌లో రామకృష్ణ మిషన్ క్షయ చికిత్సాలయమును, మెహ్రౌలీ ప్రాంతమున జాతీయ క్షయ, శ్వాసకోశ వ్యాధుల సంస్థయు రోగులను ఆదరించుచు వచ్చినవి. సాధారణ క్షయకు ఆరు నెలలు మందులు మ్రింగవలెను. రిఫాంపిసిన్ వలన మూత్రము నారింజ రంగు దాల్చును. దానికి భయపడ నవసరము లేదు. ఐసోనియాజిడ్ వలన అరికాళ్ళు తిమ్మిరెక్కి మండవచ్చును. పిరిడాక్సిన్ అను విటమిను దానిని చాలవరకు నివారించును. కొందరికి కాలేయము చెడును. ఇథాంబుటాల్ వలన కొందరికి చూపు మందగించును. మందులకు లొంగని క్షయకు పూర్వము రెండేండ్ల వరకు చికిత్స జరిగెడిది. కనామైసిన్ సూదిమందు వలన పలువురు వినికిడిని కోల్పోయిరి. రోగము నయమైన పిదపను, మచ్చపడిన ఊపిరితిత్తులతో, పొగ కలిసిన శీతకాలపు మంచులో ఆయాసపడుచు జీవించువారు కలరు.

చికిత్స మొదలిడిన కొన్ని వారములకు జ్వరము తగ్గును, ఆకలి పుట్టును. రోగము బాధించుట మానినను మందు బాధించుచునే యుండును. అప్పుడు దానిని విడువవలెనను కోరిక సహజము. కాని నడుమ విడిచినచో మిగిలిన క్రిములు మందును ఎదిరించు శక్తిని పొందవచ్చును. గాలి ద్వారా ఇంటివారికిని సోకవచ్చును. ఒకే గదిలో నలుగురు నిద్రించు ఇంట ఊపిరి ఒక్కని సొత్తు కాదు. తన దుఃఖమును సహించు అధికారము సాధకునకు కలదు. ఇతరులకు రాబోవు దుఃఖమును వారి పక్షమున తాను సహించెదననుటకు ఎవ్వరికిని అధికారము లేదు.

మరియొక పొరపాటు కలదు. చెవిలో హోరు, కన్నుల పసుపు, చూపు మసక కలిగినను వైద్యునకు చెప్పక దాచుట ఓర్పు కాదు, అవివేకము. అట్లే, బాధ చెప్పుకొన్నవానిని “ఓర్చుకొనుము” అని త్రోసిపుచ్చుట ధర్మోపదేశము కాదు, నిర్దయ. తితిక్ష తాను ఆచరింపవలసినదే గాని ఇతరులకు విధింపదగినది కాదు. కనామైసిన్ చేయు హానిని, దాని ఫలితముల కొరతను గమనించి 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సిఫారసు చేయుట మానినది. 2022లో, మందులకు లొంగని క్షయ గల పలువురికి నోటి మందులతోనే ఆరు నెలల చికిత్సను సూచించినది. బాధ వెల్లడియై లెక్కకు వచ్చినపుడే ఇట్టి మార్పు సాధ్యమగును.

మరి తితిక్షకు తావెక్కడ? చేయదగిన ప్రతీకార మంతయు చేసిన పిదపను మిగులు బాధయందు. ఉబ్బసముతోను, మధుమేహముతోను బాధపడిన స్వామి వివేకానందులు 1901లో కవిరాజు విధించిన పథ్యమున కొంతకాలము ఉప్పును, నీటిని సయితము విడిచిరి. చికిత్సకు లోబడుట ఆయన వైరాగ్యమునకు భంగము కాలేదు.

ప్రతీకారము చేతిపని; చింతావిలాపములను విడుచుట మనస్సు పని. ఆయాసపడునది దేహము, ఆ ఆయాసమును ఎరుగునది దానికి సాక్షి. ఈ వివేకముతో, దేహమును ద్వేషింపక, తనవారిని మరువక, ప్రతి దినము మందు మ్రింగు రోగి తితిక్షను విడిచినవాడు కాడు, దానిని సాధించుచున్నవాడే.