పసుపుతో మూసిన కన్నము



దుక్కుల కాలములో ట్రాక్టరు రేడియేటరు కారుట మనలో అనేకులము చూచియున్నాము. మెకానిక్కు పట్టణములో నుండును. ఇక్కడ చేను పదును ఆరిపోవుచుండును. అట్టి వేళ డ్రైవరు గుప్పెడు పసుపు తెచ్చి రేడియేటరులో వేయును. కొంతసేపటికి కారుట నిలుచును. దుకాణములలో దొరకు లీకు మందులును ఇంచుమించు ఇట్టివే. వాటిలోని పొడియో, నూగో, జిగురో కన్నమునొద్ద చేరి దానిని మూయును.

అయితే ఆ పొడికి కన్నమేదో నీటి దారి యేదో తెలియదు. అది రేడియేటరులోని సన్నని గొట్టములలోను పేరుకొనును. సిలిండరులో మండు వాయువుల వేడి 2,000 డిగ్రీలు దాటును. చుట్టు తిరుగు నీరు ఆ వేడిని మోసికొని పోవుటచేతనే ఇంజను నిలుచుచున్నది. నీటి దారులు పూడినయెడల హెడ్డు వంకర తిరుగును, గాస్కెటు పాడగును, నీరు ఆయిలులో కలిసి అది మజ్జిగవలె తెల్లబారును. అట్టి ఆయిలు బేరింగులను కాపాడజాలదు. చిన్న అతుకుతో పోవలసినది ఇంజనంతయు విప్పించును.

అట్లయిన పసుపు వేసినవాడు తప్పు చేసెనా? రాత్రివేళ రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవు బండి దారిలో నిలిచినప్పుడు, గమ్యము చేరుటకు అట్లు చేసినవానిని మేము నిందింపము. తప్పు మరునాటి ఉదయమున మొదలగును. నేలపై పడు నీటిచుక్క మనకు హెచ్చరిక చెప్పుచుండెను. దాని నోరు మూసితిమి గాని లోపమును బాగుచేయలేదు. యజమానికి చెప్పని డ్రైవరును, కొనువానికి చెప్పక బండిని అమ్మిన యజమానియు తమ నష్టమును ఎరుగని పొరుగువాని మీద మోపుచున్నారు.

యెహెజ్కేలు గ్రంథము 13వ అధ్యాయములో బలములేని గోడకు పైపూత పూసినవారిని గూర్చి చదువుచున్నాము. వాన వచ్చినప్పుడు ఆ పూత గోడను నిలుపలేదు. మన యిండ్లలోను ఇట్టి పూతలు లేవా? గట్టు తగవులో అన్నదమ్ములకు పండుగనాడు చేతులు కలిపించి, కొలత మాత్రము వేయించము. కోతపండుగ లెక్కలో తేడా వచ్చినప్పుడు మరియొక చందాతో పూడ్చి, ఎవరిని అడుగము. సమాధానము కలిగెనని సంతోషింతుము. లోపల దారులు పూడుచునే యుండును.

కాబట్టి అవసరమునకు పసుపు వేసినవారు ఆ సంగతి దాచక చెప్పవలెను. ఇంజను చల్లారిన తరువాతనే మూత తీయవలెను. వేడిమీద తీసినయెడల మరుగునీరు ముఖముమీద చిమ్మును. రేడియేటరును తేటనీరు వచ్చువరకు కడిగించి, కారుచోటును అతికించవలెను. దీనికి ఒక దినపు పని పోవచ్చును, కొంత రూకయు పోవచ్చును. సహోదరుని యెదుట గట్టు కొలిపించుటకును, లెక్కల పుస్తకము విప్పుటకును అంతకంటె ఎక్కువ ధైర్యము కావలెను. ఈ నెలలో మనము మూసి మరచిన కన్నమేదో వెదకి చూతము.