కోశానికి పట్టిన వ్యసనం

వ్యసనం అనే మాటను నేటి తెలుగు ఎక్కువగా తాగుడుకూ జూదానికే పరిమితం చేసింది కాని, కౌటిల్యుడు అర్థశాస్త్రం ఎనిమిదవ అధికరణంలో దానికి చెప్పిన వ్యుత్పత్తి ఇంతకంటె చాలా పెద్దది. మనిషిని శ్రేయస్సు నుంచి ఎత్తి అవతలికి విసిరేది ఏదైనా వ్యసనమే అన్నది దాని సారం. అందువల్లనే రాజుగారి వేటనూ పానాన్నీ చర్చించిన అధికరణంలోనే ఆయన, స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అనే రాజ్యపు ఏడు అంగాలకూ పట్టే వ్యసనాలను కూడా లెక్కించాడు. కోశం అంటే ఖజానా. తాగేవాడికి వ్యసనం ఉన్నట్లే ఖజానాకూ వ్యసనం పట్టవచ్చునన్న ఈ ఊహను ఒక మెట్టు ముందుకు తీసుకుపోతే, నిజామాబాదు, బోధన్ ప్రాంతాల్లో నూరేళ్లుగా మద్యం, జూదం, పొగాకు చుట్టూ అల్లుకున్న చట్టాలూ కట్టుబాట్లూ కొంత అర్థమవుతాయి.

అర్థశాస్త్రం వర్ణించిన దేశం ఎక్కడా ఉన్నది కాదు. అది ఒక రాజ్యం ఎలా ఉండాలో చెప్పే నమూనా. ఆ మాటకొస్తే ఊహాదేశమే. ఆ దేశంలో పానం నిషిద్ధం కాదు, కాని దానిమీద సురాధ్యక్షుడనే అధికారి కన్ను ఎప్పుడూ ఉంటుంది. పానశాలలో వేర్వేరు గదులు, పడకలు, ఆసనాలు, పూలు, పరిమళాలు, నీళ్లు అమర్చాలి. మత్తులో పడి ఉన్నవాడి సొమ్ము పోతే దుకాణదారు ఆ నష్టం పూడ్చి, అంతే మొత్తం జరిమానాగా కట్టాలి. స్థాయికి మించి ఖర్చుపెడుతున్నది ఎవరో గూఢచారులు గమనించాలి. ఉత్సవాలకూ యాత్రలకూ నాలుగు రోజుల పాటు మద్యానికి అనుమతి ఉంటుంది. జూదం ఒకేచోట ఆడాలి. పాచికలు ప్రభుత్వమే అద్దెకిస్తుంది, గెలిచినవాడి సొమ్ములో నూటికి అయిదు వంతులు తీసుకుంటుంది. ఇందులో ధర్మోపన్యాసం ఒక్క ముక్క కూడా లేకపోవడం గమనించదగ్గది. ప్లేటో తన ‘లాస్’ గ్రంథంలో కట్టుకున్న ఊహానగరంలో పద్దెనిమిదేళ్లలోపు వారికి ద్రాక్షసారాయం పూర్తిగా నిషేధించి, నలభై దాటినవారికి మాత్రం ముసలితనపు బిగువు సడలించే మందుగా దానిని అనుమతించాడు. 1516లో థామస్ మోర్ రాసిన ‘యుటోపియా’లో పానశాలలే లేవు. ఈ ముగ్గురిలో ఖజానా లెక్క వేసుకున్నవాడు కౌటిల్యుడు ఒక్కడే, కనుకనే అతని దేశం మన దేశానికి అన్నిటికంటె దగ్గరగా కనిపిస్తుంది.

బోధన్‌ను ప్రాచీన అశ్మక రాజధాని పోదనంగా చరిత్రకారులు గుర్తించారు; ఒకప్పుడు అది జైనానికి నెలవు. జైనులు గృహస్థుడికి చెప్పిన సప్తవ్యసనాలు జూదం, మాంసం, మద్యం, వేశ్య, వేట, దొంగతనం, పరదార. కౌటిల్యుడు రాజుకు చెప్పినవీ ఏడే కాని ఆ ఏడు వేరు: కోపం నుంచి పుట్టేవి వాక్పారుష్యం (మాటతో గాయపరచడం), అర్థదూషణం (సొమ్మును పాడుచేయడం), దండపారుష్యం (శిక్షలో క్రూరత్వం) అనే మూడు, కామం నుంచి పుట్టేవి వేట, జూదం, స్త్రీ, పానం అనే నాలుగు. మొదటి జాబితా ఇంటిని చూస్తున్నది, రెండవది అధికారాన్ని చూస్తున్నది. తెలుగువారు చిన్నతనంలో కంఠస్థం చేసిన సప్తవ్యసనాలు ఈ రెండవ వర్గానివే అయినప్పటికీ, వాటిని పిల్లలకూ పేదలకూ చెప్పే సుద్దులుగా మార్చుకొని, అధికారంలో ఉన్నవాడి కఠినోక్తినీ క్రూరదండననూ వ్యసనాలుగా చూడడం మెల్లగా మరచిపోయారు. ఇక స్త్రీని వ్యసనాల పట్టీలో చేర్చడంలో ఉన్న తిరకాసు వేరు. వ్యసనం పురుషుడిదైనా పేరు స్త్రీకి పడింది. నిజామాబాదు జిల్లాలో బలంగా పాతుకుపోయిన జోగిని ఆచారంలో దళిత బాలికను దేవతకు ముడిపెట్టి ఊరి ఉమ్మడి సొత్తుగా మార్చినప్పుడు పాపభారం ఆమె నెత్తినే పడింది. సంఘసేవిక హేమలతా లవణం వంటివారు ఈ జిల్లాలో ఆ స్త్రీల కోసం ఏళ్ల తరబడి పనిచేశారు, 1988లో అంకితాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది.

పాపం, నేరం, తప్పు అనే మూడు మాటలను ఇక్కడ విడదీసి చూడాలి. పాపం దేవుడి ముందు, నేరం సర్కారు ముందు, తప్పు ఊరి ముందు. తెలంగాణ పల్లెల్లో ‘తప్పు కట్టడం’ అంటే జరిమానా చెల్లించడమే; దోషానికీ దాని వెలకూ ఒకటే మాట. జరిమానాకు మరో పేరైన ‘దండుగ’ వృథా ఖర్చు అనే అర్థంలో కూడా వాడుకలో ఉంది. దోషం వెలగా మారిన తర్వాత, ఆ వెల ఎవరి చేతిలో పడుతుందన్న ప్రశ్న దోషం కంటె పెద్దదవుతుంది.

నిజాం కాలంలో ఈ ప్రశ్న పాలకుల ఎదుట నిలిచింది. మద్యంలోనూ జూదంలోనూ మనుషులకు కొంత ప్రయోజనం ఉన్నా దానికంటె పాపమే పెద్దదని ఖురాన్ రెండవ అధ్యాయం చెప్పి, అయిదవ అధ్యాయంలో రెండిటినీ పూర్తిగా మానమని ఆదేశించింది. అయినా ఆ మతాన్ని పాటించే ప్రభువుల రాజ్యంలో ఆబ్కారీ, అంటే మత్తు పానీయాల మీద వచ్చే రాబడి, ఖజానాకు ప్రధాన ఆధారాల్లో ఒకటిగా నిలిచింది. ఫసలీ 1316లో, అనగా సుమారు 1906–07లో, హైదరాబాదు ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టు ఎవరి పొలంలో మొలిచినా దానినుంచి కల్లు గీసే హక్కు సర్కారు చేతిలో ఉండేది. సర్కారు గుత్తకు ఇస్తే గుత్తేదారు గీత కార్మికుడి మీద అజమాయిషీ చేసేవాడు. మోకు, ముత్తాదు కట్టుకొని తాడి చెట్టెక్కి లొట్టి దించేవాడికి మిగిలేది కొద్ది, ఎక్కనివాడికి మిగిలేది ఎక్కువ. పోచమ్మ, ఎల్లమ్మల ముందు కల్లు సాక పోసి మొక్కుకునే జనానికి దీనిలో పాపమేమీ కనిపించలేదు. కల్లు వారికి ఆహారం, దేవతకు నైవేద్యం; సర్కారుకు రాబడి.

ఆ తర్వాత చెరకు వచ్చింది. మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయి నీళ్లు అందాక, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొన్నది. చక్కెర తీయగా మిగిలే చిక్కని నల్లని ద్రవాన్ని మొలాసిస్ అంటారు. దానిని పులియబెట్టి బట్టీ పడితే ఆల్కహాల్ వస్తుంది. ఒకే గడ నుంచి పిల్లల చేతికి చక్కెర, ఆబ్కారీ ఖాతాకు స్పిరిట్. రైతు గానుగాడి బెల్లం వండుకుంటే మాత్రం చిక్కు వచ్చేది, ఎందుకంటే నల్లబెల్లం, పటిక కలిస్తే గుడుంబాకు, అంటే నాటుసారాకు, ముడిసరుకని ఎక్సైజు వారి అనుమానం. ఫ్యాక్టరీ తీసే ఆల్కహాల్ పరిశ్రమ అనిపించుకున్నది, గుడిసెలో తీసేది నేరమైంది; రసాయనశాస్త్రానికి ఈ తేడా తెలియదు. 2002లో ఫ్యాక్టరీలో అధిక వాటా ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో గానుగలు ఆగిపోయాయి.

రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం కృషిచేయాలని ఆదేశిక సూత్రంగా చెప్పింది. ఆదేశిక సూత్రం అంటే కోర్టుకు పోయి అమలు చేయించుకోలేని హితవు. దానికి ప్రాణం పోసింది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు. వారి సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1న సారా నిషేధమూ, 1995 జనవరి 16న ఎన్.టి.రామారావు ప్రభుత్వపు సంపూర్ణ నిషేధమూ వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయింది. చెప్పిన కారణాల్లో దొంగరవాణా ఒకటి, ఖజానా లోటు మరొకటి. బోధన్ వాసులకు మొదటి కారణం కళ్లెదుటి సంగతి. మంజీర దాటితే మహారాష్ట్ర. అక్కడ దుకాణంలో బాహాటంగా అమ్మే దేశీదారు సీసా సాలూర దగ్గర ఈ ఒడ్డుకు చేరగానే నేరమవుతుంది. నది దాటినంత మాత్రాన మారిపోయేది పాపం కాజాలదు, సుంకం మాత్రమే కాగలదు.

కల్లు విషయంలో ఖజానా వ్యసనం శరీరాల మీదికే దిగింది. గిరాకీకి చాలినన్ని ఈత, తాడి చెట్లు లేనిచోట కల్లు దుకాణాలు మాత్రం తగ్గలేదు. నీళ్లలో చక్కెర, శాక్రిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోపామ్, అల్ప్రాజోలం చేర్చిన తెల్లని ద్రవం సీసాల్లోకి ఎక్కింది. క్లోరల్ హైడ్రేట్ నిద్రమందు. మిగతా రెండూ ఆందోళనకు వైద్యులు ఇచ్చేవి, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చేవి. 2015 సెప్టెంబరులో అధికారులు ఈ కల్తీమీద ఒక్కసారిగా దాడులు చేయగా, రోజూ అదే తాగినవారు నిజామాబాదు, మెదక్ వైపుల నుంచి చేతులు వణుకుతూ, మెడ వంకర్లు పోతూ, మూర్ఛలతో, ఎవరితోనో మాట్లాడుకుంటూ ఆసుపత్రులకు చేరారు. తాగినప్పుడు కాక ఆపినప్పుడు పిచ్చెత్తినట్లయింది. పల్లెలో కల్లు తాగుతున్నామనుకున్నవారు నిజానికి ఏళ్లుగా నిద్రమాత్రలు మింగుతున్నారన్నమాట. వారిని తాగుబోతులని ఈసడించడం సులభమే. లైసెన్సు ఇచ్చి, రాబడి లెక్కించుకొని, సీసాలో ఏముందో ఏళ్ల తరబడి పట్టించుకోని వ్యవస్థకు ఏ పేరు పెట్టాలన్నది కష్టమైన ప్రశ్న. కౌటిల్యుడి సురాధ్యక్షుడైతే దుకాణదారుతో నష్టపరిహారం కట్టించేవాడు.

ఊహాదేశం ఒకటి ఇప్పటికీ ఈ జిల్లా పల్లెల్లో నడుస్తున్నది, దాని పేరు గ్రామాభివృద్ధి కమిటీ. జనం నోట వీడీసీ. దీనికి చట్టం ఇచ్చిన అధికారం లేదు, అయినా ఆర్మూరు, బాల్కొండ వైపు అనేక ఊళ్లలో దీని మాటే శాసనం. ఊళ్లో బెల్టు షాపు, అంటే లైసెన్సు లేకుండా మద్యం సీసాలు అమ్మే చిల్లర దుకాణం, నడిపే హక్కును కమిటీ వేలం వేస్తుంది. పాడుకున్నవాడు ఆ సొమ్మును తాగేవాడి మీదనే వేసుకుంటాడు. వచ్చిన డబ్బుతో గుడి లేస్తుంది, బోరు పడుతుంది. అడిగినంత కట్టబోమన్న గీత కార్మికుల కుటుంబాలను ఊరు బహిష్కరించిన ఉదంతాలూ, వారితో మాట్లాడినవారికి సైతం జరిమానా వేసిన ఉదంతాలూ పోలీసు ఠాణాల దాకా వచ్చాయి. తాగడం తప్పు కాదు, వేలం పాడనివాడి దగ్గర తాగడం తప్పు. దండపారుష్యం సప్తవ్యసనాల్లో ఒకటని ఇక్కడ ఎవరికీ గుర్తురాదు. బోధన్‌ను భారతంలోని ఏకచక్రపురంగా భావించే స్థానికులు, ఇంటికొక వంతు చొప్పున బకాసురుడికి బండెడు అన్నమూ ఒక మనిషినీ పంపిన కథ చెప్పుకుంటారు. ఆ కథలో జనం రాక్షసుడిని కోపగించుకోవడం మానేసి, వంతుల జాబితా సక్రమంగా ఉన్నదా అని మాత్రమే చూసుకోవడం అతని ఆకలికంటె భయంకరమైన సంగతి.

జూదం మీద చట్టం మరింత గట్టిగా మాట్లాడింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యపు ఆటగా తేల్చింది, ఎందుకంటే పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, చేతిలోవి పేర్చుకోవాలి. తెలంగాణ 2017లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, పందెం కడితే నైపుణ్యమైనా సరే నేరమేనన్నది. అదే రాష్ట్రం 2023లో 2,620 మద్యం దుకాణాలను డ్రా తీసి కేటాయించింది: దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, దుకాణం దక్కకపోతే ఆ సొమ్ము తిరిగి రాదు, లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు, ఖజానాకు 2,600 కోట్లకు పైగా. పడిన ముక్కలను గుర్తుపెట్టుకునే నైపుణ్యం కూడా దీనిలో అవసరం లేదు. కౌటిల్యుడి జూదశాల గెలిచినవాడి దగ్గర నూటికి అయిదు తీసుకున్నది. ఈ డ్రా ఓడినవారి దగ్గర నూటికి నూరూ తీసుకున్నది.

పొగాకు సంగతి ఇంకొక తీరు, ఎందుకంటే ఇక్కడ అది స్త్రీల కూడు. నిజామాబాదు జిల్లాలో ఇంటింటా బీడీలు చుడతారు. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం కట్టమీద రోగపు బొమ్మ ఉండాలి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బీడీ మీద 28 శాతం పన్ను పడింది; దానిని 18కి దించే నిర్ణయం 2025 సెప్టెంబరులో వెలువడింది. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు 2019 నుంచి నెలకు 2,016 రూపాయల భృతి ఇస్తున్నది. తాగేవాడిని భయపెట్టే బొమ్మ, అమ్మేవాడి మీద పన్ను, చుట్టే స్త్రీకి భృతి, మూడూ ఒకే సర్కారు నుంచి. మధ్యాహ్నం వేళ గడపలో కూర్చున్న స్త్రీ చాట ఒళ్లో పెట్టుకొని, తడిపిన తునికాకును రేకు కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు చల్లి, వేళ్ల మధ్య దొర్లించి, చివర మడిచి, దారం చుట్టి, పాతిక బీడీలను కట్ట కడుతుంది. సాయంత్రానికి కట్టలు టేకేదారు దగ్గరికి పోతాయి. మిగిలిన ఆకు ముక్కలు పొయ్యిలోకి పోతాయి. తంబాకు పొడి మాత్రం కొంగుకూ గోడకూ, పక్కన నిద్రపోయిన పిల్లల జుట్టుకూ అంటుకొని అక్కడే ఉంటుంది.