నీరు వచ్చునో రాదో



వివేకము అను మాటను మనము తరచుగా ఫలమునుబట్టి వాడుచుందుము. పంట పండించినవాడు వివేకి, ఎండబెట్టుకొన్నవాడు అవివేకి. ఈ కొలత తప్పని నాకు తెలియుటకు రెండు ఖరీఫులు పట్టినవి. ఆ తెలివికి మూల్యము చెల్లించినవాడు మాత్రము నేను కాను.

సూర్యాపేట వైపు మూసీ ఎట్లో, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ అట్లు ఆధారము. 1967 ఆగస్టు 4న సాగరు కాలువలకు నీరు విడిచినది మొదలు మెట్టపల్లెలు వరిపల్లెలైనవి. మిర్యాలగూడ చుట్టును బియ్యపు మిల్లులు లేచినవి. అయినను ఆ నీరు మన చేతిలోనిది కాదు. కృష్ణవరద ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలము దాటిగాని సాగరునకు చేరదు. జలాశయము నిండు మట్టము 590 అడుగులు, సాగునీటికి కనీస మట్టము 510 అడుగులు. జూన్ మాసమున నీరు ఈ రెండంకెల నడుమ ఎక్కడున్నదో పత్రికలో చూచుకొని, నారు పోయుటయో మానుటయో రైతు తేల్చుకొనవలెను. సాంబమసూరి ఇంచుమించు 150 దినముల పంట. ముందుగా పోసినచో నీరు ఆలస్యమై నారు ముదురును, పిలకలు తగ్గును. నీరు కనబడువరకు ఆగుదమన్నచో పెసర విత్తవలసిన తొలకరి పదును ఆరిపోవును. ఊరకుండుట కూడ ఒక నిర్ణయమే, దాని ఖర్చు దానికున్నది.

2014లో నేను నీటి విడుదల సంగతి తెలియకముందే నారు పోసితిని. కోదాడ వైపు మా మేజరు చివరి భూములలో అట్లు సాహసించినవారు తక్కువ. ఆ యేడు నీరు అందినది, ధాన్యము బాగుగనే వచ్చినది. ఊరు మెచ్చినది. నాకు ముందుచూపు కలదని నేనును నమ్మితిని. 2015లో మరల అదే చేసితిని. నా పొలము ప్రక్కన మూడెకరములు కౌలుకు చేయునొకడు, కౌలు ముందే చెల్లించి, నన్ను చూచి తానును నారు పోసెను. ఆ ఖరీఫున ఎడమ కాలువ క్రింద వరికి నీరు దొరకలేదు. అతని నారు మడిలోనే పండుబారి పశువుల పాలయ్యెను.

నేను వెళ్లి, "నా మాట విని నష్టపోతివి" అంటిని.

"మీరు జెప్పిన్రని కాదయ్యా, మీరు ఏసిన్రని నేను ఏసిన" అనెను.

నిందించినను అంత బరువుగా ఉండెడిది కాదు. చూచువారికి మా ఇద్దరి నిర్ణయము ఒకటే. కాని నాకు బోరు కలదు, కాలువ రాకున్నను ఎకరము నారు నిలుపుకొనగలను. మెట్టమీద పత్తి కలదు. అతనికి ఆ మూడెకరములు, వాటిపై అప్పు. నా సాహసము వెనుక ఒక గోడ ఉన్నది, అతనికి సాహసము మాత్రమే కనబడినది. ఆ గోడ సంగతి నేను చెప్పలేదు. దాచవలెనని కాదు, పొగడ్త తీపిగానున్న దినములలో అది నోటికి రాలేదు. వాన చేసిన పనిని ఊరంతయు నా వివేకమని చెప్పుకొనుచుండగా మిన్నకుంటిని. నా తప్పు 2015లో జరిగినది కాదు, పంట పండిన 2014లోనే జరిగినది.

ఆ దినములలో కల్యాణపు ఘట్టము పదే పదే తలపునకు వచ్చెడిది. హరళయ్య కుమారునకును మధువరసు కుమార్తెకును వివాహమును శరణులు అంగీకరించిరి. బిజ్జలుడు ఆ తండ్రులిద్దరికి మరణదండన విధించెను, కల్యాణము అల్లకల్లోలమయ్యెను, బసవన్న కూడలసంగమమునకు మరలెను. ఫలమే కొలతయైనచో అంతకంటె అవివేకపు నిర్ణయము మరొకటి లేదు. ఎనిమిది వందల యేండ్లుగా మనవారట్లు అనలేదు. ఆ పని న్యాయమని ఎరిగి, దండన ఎవరిపై పడునో కూడ ఎరిగి, ఆ తండ్రులు ముందు నిలిచిరి. వరినారును ఆ వివాహముతో పోల్చుట నా ఉద్దేశము కాదు. భారము మోయువాడు నిర్ణయమునందు ఉండెనా అన్నదే నా ప్రశ్న. ఇక్కడ నాకొక సందేహము మిగిలినది. ఆ వివాహపు మాటలో పాలుగొనని శరణులెందరో చెదరిపోయిరి. వారిని ఎవరు అడిగిరి? పెద్దలు చెప్పిన సమాధానములు విని తల యూచితిని గాని, తృప్తి పొందలేదు.

రేపు ఏమగునో మనకు తెలియదు. నష్టము వచ్చినచో అది ఎవరి ఇంటికి పోవునో మాత్రము చాలవరకు ముందే తెలియును. తెలియని దానిని గూర్చి రాత్రులు మేలుకొందుము, తెలిసిన దానిని అడుగనే అడుగము.

ఆ యాసంగిలో నా బోరు నీరు అతని అరయెకరమునకు పారించితిని. దానిని దాసోహమనుటకు నాకు సిగ్గు. అది బాకీ. మరుసటి జూన్ నుండి చివరి భూములవారము రచ్చకట్ట వద్ద కూడుచున్నాము. ఎవరికి బోరున్నది, ఎవరికి అప్పున్నది, ఎవరు ఎంత తట్టుకొనగలరు అన్నది ముందు. ఆలమట్టి మట్టము తరువాత. మొదటి యేడు ఎవరును నోరు విప్పలేదు. అప్పు సంగతి నలుగురిలో చెప్పుకొనుట తేలిక కాదు గదా! నేనే నా లెక్క ముందుగా చెప్పవలసి వచ్చినది. ఒక తేదీ పెట్టుకొందుము. ఆనాటికి విడుదల సంగతి తేలనిచో బోరు లేనివారు సాంబమసూరి ఆశ విడుతురు. బోరు గలవారు 120 దినముల ఎం.టి.యు. 1010 నారు వారికి కూడ కలిపి పోసియుంచుదురు. నీరు రాకున్న ఆ విత్తనపు ఖర్చు బోరు గలవారిదే. దీనిపై ప్రతి యేడును వాదము జరుగుచున్నది, ఒకరిద్దరు మానుకొనిరి కూడ.

ఈ లెక్కయు ఓడినది. 2024 సెప్టెంబరు 1న ఆపద నీరెక్కువై వచ్చినది. కుండపోత వానకు కోదాడ మునిగెను, నడిగూడెం మండలమున ఎడమ కాలువకు గండి పడి నీరు పొలములపైకి పోయెను. మా కాగితములో ఎండుటకు గడి ఉన్నది, మునుగుటకు లేదు. మరుసటి జూన్‌లో దానికొక గడి గీయుమని మొదట అడిగినవాడు ఆ కౌలురైతే.