ఎటు వెళ్దాం?

పెళ్ళయి పదేళ్ళయింది, ఇద్దరమే ఎటైనా వెళ్దాం, "చోటు నువ్వే చెప్పు" అన్నాడు నా సహచరుడు. నేను ఆలోచించేలోగా పాపికొండల లాంచీకి టిక్కెట్లు కొనేశాడు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా బస్సులో ముభావంగా కూర్చున్నాను.

పర్ణశాలలో సీత చీరలారేసిన రాళ్ళని చూపిస్తారు. వనవాసానికి వస్తానని పట్టుబట్టింది ఆమే. ఉత్తరకాండలో మాత్రం ఆశ్రమాలు చూడాలన్న ఆమె కోరికే ఆమెను అడవిలో వదిలేయడానికి సాకయింది. కోరిక అడగడం వేరు, దాన్ని గౌరవించడం వేరు.

పోచవరంలో లాంచీ ఎక్కాం. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన ప్రాంతమిది. పోలవరం ముంపుకి ఇల్లూ అడవీ వదలాల్సింది కోయ, కొండరెడ్డి కుటుంబాలు. ఎటు వెళ్తారని ఆ ఆడవాళ్ళని అడిగిందెవరు? నన్నడగలేదని అలిగిన నేను, వాళ్ళ ఒడ్డుని నా ప్రేమకి దృశ్యంగా చేసుకునేముందు ఎవర్నడిగాను?